జంటల పోటీలో కాటా మేడమ్

ఒక మనిషి మీద రోత సరిగ్గా ఎప్పుడు పుడుతుంది? అది ఒక్క క్షణంలో పుట్టేదా, లేక బీరువా వెనక గోడకి బూజు పట్టినట్టు ఎవరూ చూడని చోట ఏళ్ళ తరబడి పెరిగి, బీరువా జరిపిన రోజున బయటపడేదా? కాటా మేడమ్ సంగతి మొదటినుంచి చివరిదాకా తెలిసినా ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం ఇవాళ్టికీ జవాబు దొరకలేదు.

ఆమె పనిచేసింది తూనికల ఆఫీసులో. భవనం అడుగు అంతస్తులో, కిటికీలు లేని గది. ఊళ్ళోని షాపుల వాళ్ళంతా తమ కాటాలనీ తూకపు రాళ్ళనీ అక్కడికి తెచ్చి పరీక్ష చేయించుకోవాలి. ఇనుప తూకపు రాయి అడుగున చిన్న గుంట ఉంటుంది. అందులో సీసం పోసి, బరువు సరిచూసి, ఆ సీసం మీద ఉలితో నక్షత్రం గుర్తు కొడతారు. ఆ నక్షత్రం ఉంటేనే ఆ రాయికి విలువ. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ నక్షత్రాలు కొట్టింది ఈమె చెయ్యే.

ఆ గదిలో ఫ్యాను వెయ్యకూడదు. గాలికి పళ్ళెం ఊగుతుంది. ఆమె భర్తేమో ఫ్యాన్ల షాపులో సేల్స్‌మన్. "ఆయన గాలి అమ్ముకుంటాడు, నాకేమో గాలి పడదు" అని ఆమె అంటే ఆఫీసులో అందరూ నవ్వేవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో ఆమె కూడా నవ్వుతూనే అనేది.

పని పద్ధతి ఇది: ఒకరు తూస్తారు, ఒకరు రాస్తారు. ముల్లు ఆగగానే తూచేవాళ్ళ నోరు అంకె చెప్పాలి. ఆలోచించకూడదు, రాసేవాళ్ళ మొహం చూడకూడదు. చెప్పిన అంకె తప్పయితే ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన సంతకం పెట్టాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆమె ఎర్ర సిరా సీసా మూత ఒక్కసారి కూడా తియ్యలేదు. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆమె గర్వంగా చెప్పుకోగలిగింది అదొక్కటే. ఊళ్ళో ఇద్దరు షాపువాళ్ళు బరువు దగ్గర తగువు పడితే "పదండి, కాటా మేడమ్ దగ్గరికి" అనేవాళ్ళు. ఆమె అంకె చెప్పాక మళ్ళీ నోరెత్తేవాళ్ళు కాదు.

భర్త ముందు రిటైరయ్యాడు, ఏడాది తర్వాత ఆమె. రెండు గదుల ఇంట్లో ఇద్దరు మనుషులు, ఒకరికొకరు అడ్డం. ఆయన పేపర్ చదువుతూ గొంతు సవరించుకునే చప్పుడు, కప్పులోంచి జుర్రుకునే చప్పుడు, స్నానాల గదిలో ఉమ్మే చప్పుడు. ఇన్నేళ్ళూ ఇవన్నీ ఎక్కడున్నాయో! ఫోనులో చెల్లెలితో అంది కూడా.

"ఒసే, మీ బావ తింటుంటే ఆ దవడ కదలడం చూస్తే కడుపులో దేవినట్టు అవుతోందే."

"ముప్ఫై ఏళ్ళు కళ్ళు మూసుకుని వడ్డించావా ఏంటి?" అని చెల్లెలు పకపకా నవ్వింది.

అప్పుడే ఆయనకి పడవల పిచ్చి పట్టింది. ఊరి బయట పెద్ద సరస్సు ఒడ్డున ఒక క్లబ్బు పెట్టారు. కయాక్ నడపడం, గేలం వెయ్యడం, రాత్రికి గుడారంలో పడుకోవడం. జంటలనే చేర్చుకుంటారు. ఆయన కాగితం పట్టుకొచ్చి ఫ్యాను అమ్మే గొంతుతోనే చెప్పాడు.

"ఇన్నాళ్ళూ ఒకరి వీపు ఒకరం చూస్తూ బతికాంరా భగవంతుడా అనిపించట్లేదూ నీకు? ఇకనైనా ఒకే పడవలో కూర్చుందాం. ఏమంటావోయ్?"

ఆ మాటలో నిజం ఉంది. అందుకే ఆమె మెత్తబడింది. సరేనంది.

కయాక్ అంటే సన్నటి ప్లాస్టిక్ పడవ, ముందొకరు వెనకొకరు కూర్చుని తెడ్డు వెయ్యాలి. గేలం వేసేవాడు ముందు కూర్చోవాలని ఆయన ముందు కూర్చున్నాడు. దాంతో పడవలో కూడా ఆమెకి దక్కింది ఆయన వీపే. చెమట మరకలు అట్టలు కట్టిన వీపు. తెడ్డు వేసేది ఆమె, "ఎడమ, ఎడమ! అది ఎడమా?" అని అరిచేది ఆయన.

లైఫ్ జాకెట్లు క్లబ్బువి. ఎవరెవరి చెమటో పీల్చుకుని, ఎండకుండానే పెట్టెలో పడి, మళ్ళీ ఇంకొకరి ఒంటి మీదికి వచ్చేవి. మెడ దగ్గర పట్టీ జిడ్డుగా, నల్లగా ఉండేది. తొడుక్కున్నంతసేపూ ఆమె గడ్డం పైకెత్తి పట్టుకునేది. సీటు అడుగున ఎప్పుడూ నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు. మొదటి అరగంట చల్లగా, ఆ తర్వాత ఒంటి వేడికి గోరువెచ్చగా అయ్యేవి. ఆ గోరువెచ్చదనం ఎవరిదో తలుచుకుంటే ఆమెకి ఒళ్ళు జలదరించేది. ఒడ్డున నాచు, దానిమీద నురగ, నురగలో చచ్చిన పురుగులు. దిగేటప్పుడు బురద వేళ్ళ సందుల్లోంచి పైకి తన్నుకొచ్చేది. 'అడుసు తొక్కనేల, కాలు కడగనేల' అని పెద్దలు ఊరికే అన్నారా? ఇక్కడ వారం వారం పనిగట్టుకుని వెళ్ళి మరీ అడుసు తొక్కడం!

ఇంట్లో ఫ్రిజ్ తెరిచి వెన్న డబ్బా మూత తీస్తే, లోపల తడి మట్టిలో వానపాములు, లావు దారాల ఉండలా మెల్లగా మెదులుతూ కనిపించాయి.

"ఏవండీ! ఇదేంటి?"

"ఎర. బయట పెడితే చచ్చిపోతాయోయ్."

"నా వెన్న డబ్బాలోనా?"

"ఖాళీదేలే. కడిగితే పోదూ?"

ఆ డబ్బాను ఎన్నిసార్లు కడిగినా ఆ మెదులుడు ఆమె కళ్ళముందునుంచి పోలేదు. చివరికి చెత్తబుట్టలో వేసింది. ఆయన వెతికి మళ్ళీ తీసుకొచ్చి ఫ్రిజ్‌లో పెట్టాడు.

వానపామును గేలానికి గుచ్చేటప్పుడు ఆయన నాలుక కొన పళ్ళ మధ్య పెట్టుకునేవాడు, బొత్తాం కుట్టుకునేవాడిలా. తర్వాత ఆ చేతులే ప్యాంటుకి తుడుచుకుని, ఆ చేతులతోనే బ్రెడ్డు తుంచి "తీసుకో" అని వెనక్కి చాచేవాడు. ఆమె తీసుకుని, ఆయన చూడకుండా నీళ్ళలో వదిలేసేది. పట్టిన చేపలను ఫోటో తీసి మళ్ళీ సరస్సులో వదిలెయ్యాలి, అది క్లబ్బు నియమం. ఫోటో కోసం ఆయన చేపను చేతులు బారచాపి కెమెరా దగ్గరికి తోసేవాడు, పెద్దదిగా కనిపించాలని. జానెడు చేప బారెడు అయ్యేది.

"ఫోటోలో అంతుంది కానీ, తూస్తే అరకిలో ఉండదు" అంది ఆమె ఒకసారి.

"అబ్బ, నువ్వు తూచకుండా ఒక్క పూట బతకలేవా?"

గేలానికి బరువు కట్టాలని ఆయన ఒకరోజు ఆమె అలమరలో చెయ్యి పెట్టాడు. అక్కడ ఒక రేకు డబ్బాలో పాత సీసం ముక్కలు ఉన్నాయి. అరిగిన తూకపు రాళ్ళను మళ్ళీ సరిచేసేటప్పుడు పాత సీసం తవ్వి తీస్తారు, దాని మీది నక్షత్రాన్ని సుత్తితో కొట్టి చెరిపెయ్యాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో తాను కొట్టిన మొదటి నక్షత్రాలు కదా అని ఆమె కొన్నింటిని చెరపకుండా దాచుకుంది. అది తప్పని ఆమెకి తెలుసు. ఆమె చేసిన తప్పు అదొక్కటే.

"అవి ముట్టుకోకండి. వాటి మీద ముద్ర ఉంది."

"చేపలకి చదువొచ్చా? ముద్ర చూసి పారిపోతాయా?"

నవ్వుతూ డబ్బా జేబులో వేసుకున్నాడు. ఆమె గోడకి చెప్పినా ఒకటే, ఆయనకి చెప్పినా ఒకటే.

వేసవి చివర క్లబ్బువాళ్ళు జంటల పోటీ పెట్టారు. సాయంత్రం పడవలెక్కాలి, రాత్రి అవతలి ఒడ్డున గుడారాల్లో ఉండాలి, తెల్లవారుజామున చేప పట్టి తేవాలి. అన్నిటికంటే బరువైన చేప ఎవరిదో ఆ జంట ఫోటో క్లబ్బు గోడకెక్కుతుంది. మేనేజరు చేతులు నలుపుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, పోయినేడు తూకం దగ్గర గొడవయింది. కొట్టుకున్నంత పని చేశారు. మీరు కాటా దగ్గర నిలబడితే ఎవరూ కిక్కురుమనరు."

"మా ఆయన కూడా పోటీలో ఉన్నాడు కదండీ. బావుండదు."

పక్కనున్న పళ్ళ డాక్టరు భార్య అందుకుంది. "అయ్యో, మీ సంగతి ఊరంతా తెలుసక్కా. మీ తూకం మీద మాకు అనుమానమా? మీ ఆయన చేపయితే ఇంకో పది గ్రాములు తగ్గించే చెప్తారు మీరు!"

అందరూ నవ్వారు. రిటైరయ్యాక ఆమెను మొదటిసారి ఎవరో పనికి పిలిచారు. లోపల ఏదో వెచ్చగా కదిలింది. ఒప్పుకుంది. ఆ రాత్రి ఇంటికొచ్చి తన దగ్గరున్న కిలో, రెండు కిలోల రాళ్ళు తీసి మెత్తటి గుడ్డతో తుడిచింది. ఆయన తలుపు దగ్గర నిలబడి చూశాడు.

"ముందు కాటా పరీక్ష చేస్తావా?"

"చెయ్యకుండా ఎలా?"

"తర్వాత చేపను?"

"చేపను పరీక్షించేదేముంది? తూచడమే."

ఆయన తలూపాడు. ఆ తలూపుడు ఆమెకి అప్పుడు మామూలుగానే కనిపించింది.

గుడారంలో ఆ రాత్రి గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. అద్దెకి తెచ్చిన పడక సంచీలో పాత తలనూనె వాసన. గుడారం గుడ్డకి ఇద్దరి ఊపిరీ ఆవిరై పట్టి, చుక్కలుగా మారి, మొహం మీద పడుతోంది. ఆయన ఊపిరి నీళ్ళయి తన పెదవి మీద పడ్డప్పుడు ఆమె లేచి కూర్చుంది. మోకాలి వెనక ఏదో చల్లగా తగిలితే చూసుకుంది, జలగ. అప్పటికే తాగి ఉబ్బింది. ఉప్పు చల్లితే ఊడి పడింది కానీ రక్తం ఆగలేదు. ఆయన అటు తిరిగి పడుకునే "చిన్నదేలే" అన్నాడు.

తెల్లవారగానే ఆమె మేనేజరు పడవలో ఇవతలి ఒడ్డుకి వచ్చేసింది. నీళ్ళలోకి కట్టిన చెక్కల వంతెన చివర స్తంభానికి కాటా వేలాడుతోంది, కింద వెడల్పాటి పళ్ళెం, పైన గుండ్రటి అంకెల చక్రం. ఆమె ముల్లు సున్నా మీదికి తెచ్చింది. కిలో రాయి పెట్టింది, తీసింది. రెండు కిలోలది పెట్టింది, తీసింది. పళ్ళెం నాలుగు మూలలా మార్చి మార్చి మూడుసార్లు చూసింది. చుట్టూ మూగిన జంటలకి రాళ్ళు తిరగేసి, అడుగున ఉన్న నక్షత్రం చూపించింది. "ఇది ఉందంటే రాయి అబద్ధం చెప్పదు" అంది. చాన్నాళ్ళ తర్వాత ఆమె గొంతు ఆఫీసు గొంతయింది.

మొదటి చేప రెండు కిలోల వంద. పళ్ళ డాక్టరుది మూడు కిలోల నూట యాభై. చప్పట్లు.

తర్వాత భర్త వచ్చాడు. తడిగుడ్డలో చుట్టిన చేపను పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చి పళ్ళెంలో పెట్టాడు. చేప ఇంకా బతికే ఉంది, నోరు తెరుస్తోంది, మూస్తోంది. ముల్లు ఊగింది. ఆగింది.

"మూడు కిలోల నాలుగొందలు."

నోరు చెప్పేసింది. మేనేజరు పక్కనున్న నల్ల పలక మీద సుద్దతో రాసేశాడు. ఈలలు, అరుపులు. పళ్ళ డాక్టరు వచ్చి ఆమె భర్త భుజం మీద చరిచాడు.

చేపను నీళ్ళలో వదిలే పని కూడా ఆమెదే. రెండు అరచేతుల మీదికి తీసుకుంది. వంతెన అంచుకి రెండడుగులు వేసేలోపే ఆమె చేతులకి తెలిసిపోయింది. బరువు ఉండాల్సిన చోట లేదు. కింద పొట్ట దగ్గర, గుప్పెడంత చోట, గట్టిగా, చల్లగా ఉంది. బొటనవేలితో నొక్కింది. లోపల ఒకదానికొకటి రాసుకున్న చిన్న చప్పుడు.

తలెత్తి చూసింది. భర్త కన్నుకొట్టాడు.

కాటాను మూడుసార్లు పరీక్షించింది. రాళ్ళను తుడిచింది. పళ్ళెంలోకి వచ్చినదాన్ని మాత్రం చూడలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అలా చూడాల్సిన పని రాలేదు మరి. ఇన్నేళ్ళూ పక్కన పడుకున్న మనిషికి తప్ప ఇంకెవరికీ ఆ సంగతి తెలియదు.

ఆయన దగ్గరికి వచ్చి గొణిగాడు. "వదిలెయ్యవోయ్ త్వరగా. పాపం చచ్చిపోతుంది."

వదిలేస్తే చేప రాయిలా అడుక్కి పోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. పలక మీది అంకె ఉంటుంది, గోడ మీద ఫోటో ఉంటుంది, అందులో ఆయన పక్కన ఆమె మొహం కూడా ఉంటుంది. కాటా మేడమ్ చెప్పిన తూకం.

ఆమె చెక్కల మీద కూర్చుంది. వానపామును వేలితో ముట్టని మనిషి, చేప నోట్లోకి రెండు వేళ్ళు దూర్చింది. లోపల జిగురు, సన్నటి ముళ్ళలాంటి పళ్ళు, వేళ్ళ చుట్టూ బిగుసుకుంటున్న గొంతు. ఆమెకి పుల్లగా వాంతి నోటిదాకా వచ్చింది, మింగేసింది. మొదటి ముక్క బయటికి వచ్చింది. జిగురుతో, కాస్త నెత్తురుతో. తర్వాత రెండోది. పొట్టను కిందినుంచి మెల్లగా పైకి నొక్కుతూ, ఒక్కొక్కటే ఆరు ముక్కలు తీసింది. చుట్టూ నవ్వులు ఎప్పుడాగాయో ఆమె వినలేదు. చేపను నీళ్ళలో పెట్టింది. అది పక్కకి ఒరిగి కాసేపు తేలింది, తర్వాత తోక ఆడించుకుంటూ వంతెన కిందికి పోయింది.

ఆరు ముక్కలూ పళ్ళెంలో వేసింది. ముల్లు ఆగింది.

"ఆరొందల ఎనభై. ఇందాక నేను చెప్పిన తూకం తప్పు. కొట్టెయ్యండి. నా పేరు రాయండి పక్కన."

మేనేజరు చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. పళ్ళ డాక్టరు వంగి, పళ్ళెంలోంచి ఒక ముక్క తీసుకుని, పన్ను చూసినట్టు వెలుతురుకి పెట్టి చూశాడు.

"దీనిమీద నక్షత్రం ఉందే. ఇది... ఇందాక మీరు చూపించిన ముద్రే కదా మేడమ్?"

అందరి కళ్ళూ ఆ ముక్క మీంచి ఆమె తడిచేతుల మీదికి, అక్కణ్ణించి మొహం మీదికి వచ్చాయి. ఇందాక 'మీ తూకం మీద అనుమానమా' అన్న డాక్టరు భార్య ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఒక్క అడుగే.

ఆమె భర్త వైపు చూసింది. ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఒక్క మాట చాలు. 'నేనే పెట్టాను' అంటే చాలు. నవ్వుతూ అన్నా సరే, వేళాకోళానికి చేశానన్నా సరే. ఆమె ఎదురు చూసింది. ముల్లు ఆగడానికి పట్టేంతసేపు.

"నాకేం తెలుసండీ?" అన్నాడు ఆయన, మేనేజరుతో, ఫ్యాను తిరగట్లేదని తిరిగొచ్చిన కొనుగోలుదారుకి చెప్పే గొంతుతో. "సామానంతా సర్దింది ఆవిడే. ఆ సీసం ముక్కలవీ ఆవిడ దగ్గరే ఉంటాయి. నేను గేలం వేసేవాణ్ణి అంతే."

జలగ పట్టిన చోటినుంచి నెత్తురు మడమ దాకా కారి ఎండిపోయింది, దురద పెడుతోంది. ఆమె వంగి గోక్కుంది. నిలబడి లైఫ్ జాకెట్ విప్పి స్తంభానికి తగిలించింది. రెండు తూకపు రాళ్ళూ గుడ్డలో చుట్టి సంచీలో వేసుకుంది. సీసం ముక్కలు పళ్ళెంలోనే వదిలేసింది.

"మేడమ్, ఒక్క నిమిషం... ఏం జరిగిందో చెప్పండి, మీరు చెప్తే మేం నమ్ముతాం" అన్నాడు మేనేజరు.

ఆమె పలక దగ్గరికి వెళ్ళి, మేనేజరు చేతిలోంచి సుద్దముక్క తీసుకుంది. మూడు కిలోల నాలుగొందలు మీద అడ్డంగా గీత గీసింది. పక్కన సంతకం పెట్టింది. సుద్ద వేళ్ళకంటిన జిగురుకి అతుక్కుంటే విదిలించింది.

వంతెన మీంచి ఒడ్డుకి, ఒడ్డునుంచి కార్ల మధ్యగా రోడ్డు వైపు నడిచింది. వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది. ముందు నవ్వుతూ, తర్వాత నవ్వు లేకుండా.

"ఏమోయ్! ఎక్కడికి? గుడారం అవతలొడ్డునే ఉంది! ఒక్కణ్ణే ఎలా తెచ్చేది? ఏమోయ్, నిన్నే!"

పెట్రోలు బంకు దగ్గర ఊళ్ళోకి పోయే బస్సు ఆగి ఉంది. ఆమె కొళాయి కింద చేతులు కడుక్కుంది, మోచేతుల దాకా, రెండుసార్లు. వాసన చూసుకుంది. మూడోసారి కడుక్కుంది. బస్సు కదులుతుంటే ఎక్కి, సరస్సు కనిపించని వైపు కిటికీ పక్కన కూర్చుంది.